మూడు వారాల ముచ్చట

నార్త్ కరోలినా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ హ్యూబర్ట్ డేవిస్‌ని ఉంచాలా, సాగనంపాలా అన్న పంచాయితీ మార్చిలో మొదలైంది. ఇది రాస్తున్నది 2025 జూలైలో. ఇంకా తెగలేదు. కేరీ, మోరిస్‌విల్ వైపు ఉండే తెలుగువాళ్లకి ఈ గోల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గుడిలో దర్శనం చేసుకుని పులిహోర కప్పు పట్టుకుని బయటికొస్తే చాలు, ఎవరో ఒకరు "ఏవండీ, మీవాళ్ల సంగతేంటి?" అని అంటిస్తారు. అరగంట దూరంలో మూడు పెద్ద జట్లున్న చోట ఉంటున్నాం మరి. డర్హమ్‌లో డ్యూక్, రాలీలో ఎన్‌సీ స్టేట్, చాపెల్ హిల్‌లో మేము, అంటే నార్త్ కరోలినా. ఎమ్మెస్‌కి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనవాళ్లలో చాలామంది ఎన్‌సీ స్టేట్ బాపతు. పిల్లలు పెద్దయ్యి చాపెల్ హిల్‌లో చేరతారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో రెండు పార్టీలు.

మా ఇంట్లోనూ అంతే. మా అమ్మాయి చాపెల్ హిల్‌లో చదివింది. మా బావమరిది ఎన్‌సీ స్టేట్. నేను ఇక్కడ ఏ కాలేజీలోనూ చదవలేదు గానీ, ఫీజులు కట్టినవాణ్ణి కాబట్టి ఆ జట్టు మీద నాకూ కొంత హక్కుందనే అనుకుంటాను.

మన ఊళ్లలో ఉండి ఇది చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ నవంబర్‌లో మొదలవుతుంది. మార్చిలో 68 జట్లతో జాతీయ టోర్నమెంటు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. కాన్ఫరెన్స్‌ల (జట్ల బృందాల) విజేతలు పోగా మిగతా ఎవరెవర్ని పిలవాలో ఒక కమిటీ కూర్చుని తేలుస్తుంది, ఆ జాబితా ఆదివారం సాయంత్రం టీవీలో చదువుతారు. కరోలినా ఆరుసార్లు ఆ టోర్నమెంటు గెలిచిన జట్టు. మైకేల్ జోర్డన్ ఇక్కడి కుర్రాడే. అలాంటి చోట జాబితాలో పేరుండటం పండగేమీ కాదు, అద్దె కట్టినట్టు. కట్టకపోతేనే వార్త.

2024-25 సీజన్ మొదలవ్వకముందు ఏపీ పోల్‌లో కరోలినాది 9వ ర్యాంకు. (మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్.) చివరికి 23 గెలిచి 14 ఓడింది. ఓడిన తీరు ఇంకా కడుపు మండేది. కాన్సాస్‌లో మూడు పాయింట్ల తేడాతో పోయింది. మిషిగన్ స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో మళ్లీ మూడు. స్టాన్‌ఫర్డ్ మూడువేల మైళ్ల దూరం నుంచి వచ్చి, మన కోర్టులోనే ఒక్క పాయింటుతో కొట్టిపోయింది. మూడు రోజులకే వేక్ ఫారెస్ట్ చేతిలో ఇంకో ఒక్క పాయింటు.

షార్లెట్‌లో జరిగిన ఏసీసీ (మా జట్టు ఆడే కాన్ఫరెన్స్) టోర్నమెంటు సెమీఫైనల్ అయితే చెప్పక్కర్లేదు. ఎదురుగా డ్యూక్, అదీ గాయంతో వాళ్ల స్టార్ కూపర్ ఫ్లాగ్ ఆడని డ్యూక్. ఒక దశలో 24 పాయింట్లు వెనకబడి, కొద్దికొద్దిగా ఒక్క పాయింటు తేడాకి లాక్కొచ్చారు. ఆఖరి సెకన్లలో మా వెన్-ఆలెన్ లూబిన్ ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా వేసే ఒక్క పాయింటు షాట్) వేశాడు. బంతి నెట్‌లో పడింది. స్కోరు సమం అని మా హాల్లో అందరం లేచాం. లేచినవాళ్లం లేచినట్టే ఉండగా విజిల్. బంతి లూబిన్ చేయి వదలకముందే జేలిన్ వితర్స్ గీత దాటి లోపలికి అడుగేశాడట. పాయింటు చెల్లదు. రీప్లేలో అతని పాదం దగ్గర బొమ్మ ఆపి చూపిస్తే గానీ మాకు అర్థం కాలేదు. 74-71తో డ్యూక్ గెలిచింది. మా బావమరిది చప్పుడు చేయకుండా వెళ్లి టీ పెట్టుకొచ్చాడు. ఆరోజు వాడు చేసిన పెద్ద మర్యాద అది.

రెండు రోజుల తర్వాత జాబితాలో చిట్టచివర కరోలినా పేరు వచ్చింది. దాంతో దేశం మొత్తం మనమీద పడింది. కమిటీలు లెక్కలోకి తీసుకునే గట్టి మ్యాచ్‌లని 'క్వాడ్ వన్' అంటారు. బలమైన జట్లతో ఆడినవి, ముఖ్యంగా వాళ్ల ఊళ్లో ఆడినవి. అలాంటివి 13 ఆడి ఒక్కటే గెలిచాం, న్యూయార్క్‌లో యూసీఎల్‌ఏ మీద. పైగా ఆ ఏడాది ఎంపిక కమిటీ చైర్మన్ ఎవరయ్యా అంటే మా యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టర్ బబ్బా కన్నింగమే. కరోలినా పేరు చర్చకి వచ్చినప్పుడు ఆయన గదిలో లేరు, రూలు అదే. కానీ ఎవరు నమ్ముతారు? చోటు దక్కని వెస్ట్ వర్జీనియా గవర్నర్ ప్రెస్ మీట్ పెట్టి విచారణ జరిపిస్తామన్నారు. టోర్నమెంటు మొదటి మ్యాచ్‌లో, డేటన్‌లో, శాన్ డియేగో స్టేట్‌ని 95-68తో చితక్కొట్టాక విమర్శకుల నోరు కాసేపు మూతపడింది. మూడు రోజులకి ఓల్ మిస్ చేతిలో 71-64. సీజన్ అయిపోయింది.

ఇక్కణ్ణుంచి గొడవ. "కోచ్‌ని తీసెయ్యాలి" అనేవాళ్లు ఒకవైపు. "ఆఖర్లో పుంజుకున్నారు కదా, డ్యూక్‌ని దాదాపు కొట్టేశారు కదా, వచ్చే ఏడాది చూడండి" అనేవాళ్లు ఇంకోవైపు. నేను రెండు వైపులా లేను. రెండు పక్షాలదీ ఒకటే జబ్బు. జట్టుకి వెల కట్టడం మార్చిలో మొదలుపెడతారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలల పాటు జట్టు తానేంటో చెబుతూనే ఉంటుంది. అది వదిలేసి, ఆఖరి మూడు వారాలు ఆడినదాన్నే అసలు రూపం అనుకుంటారు. కరోలినాకి ఈ జబ్బు ఎంత నష్టం చేసిందో తెలియాలంటే 2022కి వెళ్లాలి.

ఆ ఏడాది ఫిబ్రవరి 16న పిట్స్‌బర్గ్ చేతిలో సొంత కోర్టులో ఓడినప్పుడు, టోర్నమెంటుకి వెళ్తామన్న ఆశ చాలామందికి లేదు. అప్పటికే మయామీ 28 పాయింట్లతో, వేక్ ఫారెస్ట్ 22 పాయింట్లతో, డ్యూక్ మన కోర్టులోనే 20 పాయింట్లతో ఉతికి ఆరేశాయి. రాయ్ విలియమ్స్ రిటైరయ్యాక హ్యూబర్ట్‌కి అది మొదటి సీజన్. ఆ తర్వాత ఏమైందో ఇక్కడ పసిపిల్లలు కూడా చెబుతారు. మార్చి 5న కోచ్ కె (డ్యూక్ కోచ్ మైక్ షషెఫ్‌స్కీ) ఆఖరి హోమ్ మ్యాచ్‌లో, డ్యూక్ వాళ్ల కోట లాంటి క్యామరన్ ఇండోర్‌లో, 94-81తో గెలిచాం. టోర్నమెంటులో 8వ సీడ్‌గా (కమిటీ ఇచ్చే స్థానం) దూరి మార్కెట్ యూనివర్సిటీ, బేలర్, యూసీఎల్‌ఏ, సెయింట్ పీటర్స్‌ని దాటుకుని న్యూఆర్లీన్స్ చేరాం. అక్కడ సెమీఫైనల్లో మళ్లీ డ్యూక్, 81-77. కోచ్ కె కెరీర్‌లో అదే ఆఖరి మ్యాచ్. ఆ రాత్రి మా అమ్మాయి చాపెల్ హిల్‌లోని ఫ్రాంక్లిన్ స్ట్రీట్ నుంచి ఫోన్ చేసింది. వెనక వేలమంది అరుపులు. "నాన్నా, వినిపిస్తోందా?" అన్నదొక్కటే అర్థమైంది. ఫైనల్లో కాన్సాస్ మీద హాఫ్‌టైమ్‌కి 40-25తో ముందున్నాం. 72-69తో ఓడిపోయాం. ఓడినా ఎవరూ పెద్దగా ఏడవలేదు, ఎందుకంటే ఐదుగురు స్టార్టర్లలో నలుగురు తిరిగొస్తున్నారు. ఆర్మాండో బేకాట్, కేలెబ్ లవ్, ఆర్‌జే డేవిస్, లీకీ బ్లాక్. వచ్చే ఏడు కప్పు మనదే అన్నారు. ఏపీ పోల్ కూడా అదే అంది. 2022-23కి నంబర్ వన్.

ఆ సీజన్ 20-13తో ముగిసింది. 1985లో టోర్నమెంటు 64 జట్లకి పెరిగినప్పట్నుంచి, నంబర్ వన్‌గా సీజన్ మొదలుపెట్టి టోర్నమెంటుకే వెళ్లలేకపోయిన మొట్టమొదటి జట్టు మాది. రెండో తరగతి టోర్నమెంటు ఎన్‌ఐటీ పిలిస్తే వద్దని ఇంట్లో కూర్చున్నారు.

ఎందుకిలా అయింది? రెండేళ్లుగా జనం చెప్పిన కారణాలన్నీ విన్నాను. ప్రకటనల డబ్బులొచ్చి బద్ధకించారని, బేకాట్ టీవీ సీరియల్‌లో వేషం వేశాడని, లవ్‌కి పొగరని, హ్యూబర్ట్‌కి ప్లాన్ బి లేదని. నాకు ఇవేవీ అసలు కారణంగా కనబడవు. అసలు కారణం తిరిగొచ్చిన నలుగురిలో లేదు, తిరిగిరాని ఐదోవాడిలో ఉంది.

బ్రేడీ మేనెక్. ఓక్లహోమాలో నాలుగేళ్లు ఆడి, ఆఖరి ఏడాది ఆడుకోవడానికి ఇక్కడికొచ్చిన గడ్డం కుర్రాడు. చూడ్డానికి వడ్రంగి పని చేసుకునేవాడిలా ఉంటాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, మూడు పాయింట్ల గీత బయట నుంచి నూటికి నలభై వేస్తాడు. అతను ఉన్నప్పుడు కోర్టు ఎలా ఉండేదో ఒక్కసారి గుర్తు చేసుకోండి. బంతి బేకాట్‌కి బుట్ట పక్కన అందేది. మామూలుగా అయితే అవతలి జట్టు ఇంకో పొడుగువాణ్ణి అతని మీదకి తోలుతుంది. కానీ ఆ పొడుగువాడు మేనెక్‌ని కాపలా కాస్తున్నాడు. మేనెక్ పాతిక అడుగుల దూరంలో, చేతులు సిద్ధంగా పెట్టుకుని నిలబడి ఉంటాడు. అతన్ని వదిలి ఒక్క అడుగు లోపలికేస్తే బంతి బయటికొస్తుంది, మూడు పాయింట్లు. అందుకని వదలలేడు. బేకాట్ ఒంటరిగా ఒక్కడితో ఆడుకునేవాడు. దారి ఖాళీగా ఉండటంతో లవ్, ఆర్‌జే బుట్ట దాకా దూసుకెళ్లేవాళ్లు. మేనెక్ బంతి ముట్టుకోకపోయినా ఆ పాయింట్లలో అతని వాటా ఉండేది. స్కోరుకార్డులో మాత్రం రాయరు.

దీనికి సాక్ష్యం ఆ 2022 మార్చిలోనే, అందరి కళ్లముందే దొరికింది. బేలర్ మీద కరోలినా 25 పాయింట్లు ముందుంది. మేనెక్ అప్పటికే 26 కొట్టాడు. ఇంకా పది నిమిషాలుందనగా మోచేయి తగిలించాడని అతన్ని బయటికి పంపేశారు. ఆ పది నిమిషాల్లో 25 పాయింట్ల ఆధిక్యం మొత్తం ఆవిరైంది. ఎలాగో ఓవర్‌టైమ్‌లో 93-86తో గట్టెక్కాం. ఆ రాత్రి అందరూ "ఏం పోరాటం!" అన్నారు. మేనెక్ లేని కరోలినా ఎలా ఉంటుందో ఆ పది నిమిషాలే శాంపిల్. ఆ శాంపిల్‌నే తర్వాతి సీజన్ మొత్తం చూశాం.

మేనెక్ చోట్లో నార్త్‌వెస్టర్న్ నుంచి పీట్ నాన్స్‌ని తెచ్చారు. మంచి ఆటగాడే, అక్కడ షాట్ బాగా పడేది కూడా. ఇక్కడికొచ్చాక నడుం నొప్పి, షాట్ నూటికి 32 దగ్గర ఆగిపోయింది. అవతలి కోచ్‌లు రెండు వారాల్లో పట్టేశారు. నాన్స్‌ని కాసేవాడు, బ్లాక్‌ని కాసేవాడు ఇద్దరూ లోపలికొచ్చి బేకాట్ మీద వాలిపోయేవాళ్లు. జట్టు మొత్తం మూడు పాయింట్ల షాట్ 31 శాతం చిల్లరకి పడిపోయింది. లోపల దారి లేదు, బయట షాట్ లేదు. అప్పుడు బంతి ఎవరి చేతుల్లోకి వెళ్తుంది? కేలెబ్ లవ్ చేతుల్లోకి.

పాపం, ఆ కుర్రాడి మీద పడ్డన్ని తిట్లు ఎవరి మీదా పడలేదు. అలబామాతో నాలుగు ఓవర్‌టైమ్‌ల మ్యాచ్‌లో 34 పాయింట్లు కొట్టాడు, అందుకోసం 36 షాట్లు వేశాడు. 103-101తో ఓడాం. షాట్ క్లాక్‌లో (షాట్ వేయడానికిచ్చే గడువు) ఇంకా 18 సెకన్లుండగానే ఒక అడుగు వెనక్కేసి, ఇద్దరి మీదుగా విసిరే ఆ షాట్ చూసి మా హాల్లో రిమోట్లు ఎగిరేవి. కానీ యూసీఎల్‌ఏ మీద 30 పాయింట్లు వచ్చింది ఆ షాట్లతోనే. కోచ్ కె కెరీర్‌ని ముగించిన ఆ త్రీ కూడా అలాంటిదే. ఫైనల్లో 24 షాట్లకి 5 పడ్డదీ అలాంటివే. ఒకే మనిషి, ఒకే అలవాటు. మార్చిలో మూడు వారాలు పడ్డాయి కాబట్టి హీరో. నవంబర్‌లో పడలేదు కాబట్టి పొగరు.

ఆ వసంతంలో లవ్ ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) పేరిచ్చాడు. మొదట మిషిగన్ అన్నాడు, అక్కడ అడ్మిషన్ కుదరక అరిజోనా వెళ్లాడు. తర్వాతి ఏడాది పాక్-12 కాన్ఫరెన్స్‌లో ప్లేయర్ ఆఫ్ ద ఇయర్. అతను లేని కరోలినా 29-8, కాన్ఫరెన్స్ టైటిల్, నంబర్ వన్ సీడ్. ఆర్‌జే డేవిస్ ఏసీసీలో ప్లేయర్ ఆఫ్ ద ఇయర్. "పీడ విరగడైంది" అన్నవాళ్లూ, "బంగారాన్ని పారేసుకున్నాం" అన్నవాళ్లూ ఇద్దరూ సంబరపడ్డారు. 2024 మార్చి 28న లాస్ ఏంజెలస్‌లో ఒకే రోజు, ఒకే కోర్టులో రెండు జట్లూ ఆడాయి. రెండూ గెలిస్తే తర్వాతి మ్యాచ్‌లో ఒకదానికొకటి ఎదురుపడేవి. లవ్ తొమ్మిది త్రీలు వేస్తే ఒక్కటీ పడలేదు, క్లెమ్సన్ చేతిలో అరిజోనా ఔట్. ఆర్‌జే కూడా తొమ్మిది వేశాడు, ఒక్కటీ పడలేదు. 89-87తో అలబామా చేతిలో మేము ఔట్. ఇందులోంచి ఎవరు ఏం తేల్చగలరు? లవ్ వెళ్లడం అతనికీ మంచిదైంది, మాకూ మంచిదైంది, అంతే. ఆ ఏడాది కరోలినా బాగుపడటానికి అసలు కారణం స్టాన్‌ఫర్డ్ నుంచి హారిసన్ ఇంగ్రమ్, నోటర్‌డామ్ నుంచి కోర్మాక్ రయాన్ రావడం. ఒకడు రీబౌండ్లు (బుట్టలో పడకుండా తిరిగొచ్చే బంతులు) ఏరుతాడు, ఇంకొకడు మూల నిలబడి షాట్ వేస్తాడు. బేకాట్‌కి మళ్లీ ఊపిరాడింది.

ఇక హ్యూబర్ట్ సంగతి. నాలుగేళ్ల లెక్క ఇది: 29-10, 20-13, 29-8, 23-14. ఒక ఏడు పండితే ఒక ఏడు ఎండుతోంది. సరి సంవత్సరాల్లో ఉంచి బేసి సంవత్సరాల్లో తీసేస్తే సరిపోతుందని మా బావమరిది జోకు.

తీసెయ్యమనేవాళ్లకి ఒక పాత కథ చెప్పాలి. మా పాత కోచ్ డీన్ స్మిత్ పేరుమీదే ఇప్పుడు స్టేడియం ఉంది. 36 సీజన్లు, 879 గెలుపులు. షాట్ వేసినవాడు తనకి పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించే మర్యాదని మా జట్టుకి అలవాటు చేసింది ఆయనే. 1965 జనవరిలో ఆయన జట్టు వేక్ ఫారెస్ట్‌లో ఓడి బస్సులో తిరిగొస్తే, క్యాంపస్‌లో ఆయన దిష్టిబొమ్మ వేలాడుతోంది. జట్టు స్టార్ బిల్లీ కన్నింగమ్ బస్సు దిగి దాన్ని పీకేశాడు. ఆ రోజు అభిమానుల మాట విని ఉంటే 1982 కప్పు, 1993 కప్పు ఉండేవి కావేమో. అయితే ఈ కథని అడ్డం పెట్టుకుని ఎవరినైనా ఎన్నాళ్లయినా ఉంచేయాలనడమూ తప్పే. 2001-02లో 8-20 వచ్చినప్పుడు అప్పటి కోచ్ మ్యాట్ డొహర్టీకి ఇంకో ఏడాదే ఇచ్చారు, తర్వాత రాయ్ విలియమ్స్ వచ్చి మూడు కప్పులు గెలిచారు. చరిత్రలో ఏ పక్షానికి కావలసిన ఉదాహరణ ఆ పక్షానికి దొరుకుతుంది.

మా అమ్మాయి మాట నాకు వీళ్లందరికంటే నచ్చింది. "నాన్నా, ఆయన మంచాయన. అందుకే ఎవర్నీ వద్దనలేడు." హ్యూబర్ట్ ఇక్కడ ఆడినవాడు, ఇక్కడే అసిస్టెంటుగా ఎదిగినవాడు. పిల్లలతో ప్రేమగా ఉంటాడని వాళ్లే చెబుతారు. నాకు ఆయనలో కనిపించే లోపం ఒక్కటే, అది రెండుసార్లు కనిపించింది. జట్టులో కంటికి ఆనకుండా బరువు మోసేవాడు వెళ్లిపోయినప్పుడు, ఆ చోటు భర్తీ అవ్వదు. 2022లో మేనెక్ వెళ్లాడు, అలాంటి ఆట రాలేదు. 2024లో బేకాట్ వెళ్లాడు. ఐదేళ్ల పాటు బుట్ట కింద నిలబడి, యూనివర్సిటీ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ రీబౌండ్లు తీసినవాడు. అతని చోట్లో అంత భారీ ఆటగాణ్ణి తేలేదు. నవంబర్ నుంచి జనవరి దాకా ముగ్గురు పొట్టి గార్డ్‌లతో (బయట నుంచి బంతి నడిపేవాళ్లు) నెట్టుకొచ్చాం. ప్రతి జట్టూ మనమీదుగా బంతి లాక్కుపోయింది. మధ్యలో లూబిన్‌ని మొదటి ఐదుగురిలోకి తెచ్చాక గానీ జట్టుకి కాస్త నడుం నిలవలేదు. ఆర్‌జే లాంటి ఆటగాడికి ఆఖరి ఏడాది అలా గడిచిపోవడం నాకు ఇప్పటికీ బాధే. టైలర్ హాన్స్‌బ్రో తర్వాత కరోలినా చరిత్రలో ఎక్కువ పాయింట్లు అతనివే. అతని చుట్టూ సరైన నలుగుర్ని హ్యూబర్ట్ పెట్టలేదు.

అందుకే కోచ్‌ని మార్చడం కంటే ఫిబ్రవరిలో జరిగిన ఇంకో పని నాకు ముఖ్యంగా తోచింది. ఆటగాళ్ల ఏజెంటుగా చాలాకాలం పనిచేసిన జిమ్ టానర్‌ని జనరల్ మేనేజర్‌గా తెచ్చారు. జట్టుని కూర్చే పని ఒకరు చూస్తారు, ఆడించే పని హ్యూబర్ట్ చూస్తాడు. ఈ పని మూడేళ్ల కిందట జరగాల్సింది.

మార్చి చూసి వెల కట్టే జబ్బు మాకొక్కరికే లేదని మా బావమరిదికి గుర్తు చేయడం నా ధర్మం. 2024లో ఎన్‌సీ స్టేట్ సీజన్‌లోని ఆఖరి నాలుగు మ్యాచ్‌లూ ఓడి, 17-14తో ఏసీసీ టోర్నమెంటుకొచ్చింది. కోచ్ కెవిన్ కీట్స్ పెట్టె సర్దుకోవడమే తరువాయి అన్నారు. ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచారు, ఫైనల్లో మమ్మల్నే కొట్టారు. తర్వాత 11వ సీడ్‌గా వెళ్లి, డ్యూక్‌ని కూడా ఓడించి ఫైనల్ ఫోర్, అంటే సెమీఫైనల్! భారీ మనిషి డీజే బర్న్స్ నవ్వుతూ, బొంగరంలా తిరుగుతూ బంతి వేస్తుంటే నేను కూడా చప్పట్లు కొట్టాను. అప్పుడు బావమరిది వరస చూడాలి. "బావా, ఇంక పదేళ్లు మాదే" అని, కోచ్‌కి విగ్రహం పెట్టించేలా మాట్లాడాడు. తర్వాతి సీజన్ 12-19. పద్దెనిమిది జట్ల కాన్ఫరెన్స్‌లో టోర్నమెంటుకి పదిహేను జట్లని రానిస్తారు, వీళ్లు ఆ పదిహేనులో కూడా లేరు. ఫైనల్ ఫోర్‌కి వెళ్లి ఏడాది తిరక్కుండానే కీట్స్‌ని తీసేశారు. తొమ్మిది గెలుపులకి ముందున్న నాలుగు నెలలే అసలు జట్టు అని ఎవరూ ఆ రోజు అనలేకపోయారు. అంటే పండగ పూట అశుభం మాట్లాడినట్టుంటుంది.

ఇప్పుడు వచ్చే సీజన్. మొదట పోయినవాళ్లు. ఆర్‌జే చదువైపోయింది. డ్రేక్ పవెల్ ఎన్‌బీఏకి (ప్రొఫెషనల్ లీగ్) వెళ్లాడు. ఇలియట్ కాడో మిషిగన్‌కి, ఇయాన్ జాక్సన్ సెయింట్ జాన్స్‌కి, జేలెన్ వాషింగ్టన్ వాండర్‌బిల్ట్‌కి. లూబిన్ ఎక్కడికెళ్లాడో చెప్పాలంటే నోరు రావట్లేదు, ఎన్‌సీ స్టేట్‌కి. బావమరిది ఆ వార్త తెలిసిన నిమిషంలో ఫోన్ చేశాడు. 2023లో అయితే ఇంతమంది వెళ్లిపోతే ఊరంతా శోకాలు పెట్టేవారు. ఇప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. 2022లో అందరూ తిరిగొచ్చారని కేకులు కోసుకున్నవాళ్లం, ఆ తిరిగిరావడమే మమ్మల్ని ముంచింది. నలుగురు స్నేహితులు కలిసి ఉన్నారన్నది వేరు, ఐదుగురు కలిసి ఆడగలరన్నది వేరు.

వచ్చినవాళ్లలో నా కన్ను హెన్రీ వీసార్ మీద ఉంది. ఎస్టోనియా కుర్రాడు, ఏడడుగులు, అరిజోనా నుంచి వచ్చాడు. బుట్ట కింద నిలబడతాడు, బయటికొచ్చి షాటూ వేస్తాడు. అట్లాంటా నుంచి కేలెబ్ విల్సన్ వస్తున్నాడు, దేశంలోని హైస్కూలు పిల్లల్లో పైవరసలో ఉన్నవాడు, పొడుగ్గా చురుగ్గా ఉంటాడు. పక్కనే పిట్స్‌బరోలో హైస్కూలు చదివి, అప్పట్లో మమ్మల్ని కాదని అలబామా వెళ్లిన జారిన్ స్టీవెన్సన్ ఇప్పుడు ఇంటికొచ్చాడు. కొలరాడో స్టేట్ నుంచి వచ్చిన కయాన్ ఎవాన్స్‌కి త్రీ బాగా పడుతుంది. వెస్ట్ వర్జీనియా నుంచి జోనాథన్ పవెల్ కూడా వచ్చాడు. మార్చిలో వాళ్ల చోటు మేము లాక్కున్నామని గవర్నర్ గారు గగ్గోలు పెట్టారు కదా, ఏప్రిల్‌లో కుర్రాణ్ణి కూడా తెచ్చుకున్నాం. పాతవాళ్లలో మిగిలినది ముఖ్యంగా సెత్ ట్రింబుల్. డిఫెన్స్‌లో అతనికి సాటి ఈ కాన్ఫరెన్స్‌లో తక్కువ.

డబ్బు గురించి కూడా బెంగ ఉంది. జూలై 1 నుంచి కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వచ్చు, మొదటి ఏడాదికి గరిష్ఠంగా 20.5 మిలియన్ డాలర్లు, అన్ని ఆటలకీ కలిపి. మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా పెద్ద పేరున్న బిల్ బెలిచిక్‌ని తెచ్చింది. బాస్కెట్‌బాల్ సొమ్ము అటు మళ్లుతుందని గుడి దగ్గర పెద్దాయన ఒకరు నిద్రపోవట్లేదు. నా అభిప్రాయంలో డబ్బు లేక పాడైన జట్టు కాదిది. 2022-23 జట్టు దగ్గర డబ్బుకి లోటేం లేదు.

నా అంచనా అడిగితే, ఈ జట్టు ఆదివారం సాయంత్రం గోళ్లు కొరుక్కోకుండా టోర్నమెంటుకి వెళ్తుంది. రెండో వారాంతం దాటుతుందని మాత్రం పందెం కాయను. బంతి నడిపే చోట అనుభవం తక్కువ. మ్యాచ్ ఆఖరి నిమిషంలో ఆర్‌జేలా షాట్ తెచ్చుకునేవాడు ఎవరో ఇంకా తేలలేదు. పైగా అంతా కొత్తవాళ్లు, ఒకరి అలవాట్లు ఒకరికి తెలియడానికే జనవరి వస్తుంది.

నవంబర్‌లో కాన్సాస్ చాపెల్ హిల్ వస్తోంది. ఆ రాత్రి స్కోరు కంటే నేను చూసేది ఇంకొకటి ఉంది. వీసార్‌కి లోపల బంతి అందినప్పుడు, విల్సన్‌ని కాసేవాడు అతన్ని వదిలి లోపలికి అడుగేస్తాడా, వెయ్యడా? వేస్తే విల్సన్ ఆ షాట్ వేస్తాడా? మొదటి పది నిమిషాల్లో అవతలి కోచ్ దీన్ని పరీక్షించి తీరతాడు. కాన్సాస్‌ని గెలిస్తే నంబర్ వన్ అనేవాళ్లు, ఓడితే హ్యూబర్ట్‌ని తీసెయ్యమనేవాళ్లు ఆ రాత్రే మొదలెడతారు. బావమరిది ఇప్పటికే రెండు రకాల మెసేజ్‌లూ టైప్ చేసి పెట్టుకున్నానంటున్నాడు.